45 డిగ్రీల నీళ్లతో రాతి ఇల్లు వెచ్చబడాలంటే

బ్రిటన్ పల్లెల్లో, వేల్స్‌లో గానీ కార్న్‌వాల్‌లో గానీ, గ్యాస్ పైపు చేరని పాత ఇళ్లు చాలా ఉన్నాయి. పెరట్లో కిరోసిన్ ట్యాంకు, లేదంటే గదికో కరెంటు హీటరు. గోడలు అర మీటరు మందాన రాయి. అలాంటి ఇల్లు అద్దెది కూడా అయితే చిక్కు రెండింతలు: హీట్ పంప్‌కు డబ్బు పెట్టేది ఇంటి యజమాని, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. బిగింపులో తప్పు జరిగితే చలికాలమంతా ఆ భారం మోసేది వాళ్లే.

మన స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తుంది కదా, హీట్ పంప్ అదే పనిని తిరగేసి చేస్తుంది. బయట గాలి సున్నా డిగ్రీలున్నా అందులో వేడి ఉంటుంది. దాన్ని లాగి రేడియేటర్లలో, అంటే గదుల గోడలకు బిగించిన ఇనుప పలకల్లో, తిరిగే నీళ్లకు ఇస్తుంది. బాగా బిగిస్తే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి వస్తుంది. మామూలు హీటరు ఒకటికి ఒకటే ఇస్తుంది. అందుకే గ్యాస్ లేని ఇళ్లకే దీనివల్ల లాభం ఎక్కువ.

అయితే ఆ మూడు రావాలంటే నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. కిరోసిన్‌తో నీళ్లు కాచే పాత బాయిలర్ 70 డిగ్రీల నీళ్లు పంపేది. హీట్ పంప్‌కు 45 చాలనేలా ఇంటిని సిద్ధం చేయాలి. 55కి పెంచిన కొద్దీ కరెంటు తాగేస్తుంది.

మొదటి పని గదిగదికీ వేడి నష్టం లెక్క. బయట మైనస్ 2, లోపల 20 అనుకుందాం, తేడా 22. రాతి గోడకు చదరపు మీటరుకు, డిగ్రీకి 2 వాట్లు పోతాయనుకుంటే 10 చదరపు మీటర్ల గోడ ఒక్కటే 440 వాట్లు వదిలేస్తుంది. కిటికీ, అటక, సందుల్లోంచి దూరే గాలి కలిపితే ఆ పడకగదికి 700 కావాలనుకోండి. కేటలాగులో 1000 వాట్లని రాసిన రేడియేటరు 45 డిగ్రీల నీళ్లతో దాదాపు 350 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే ఆ అంకె చాలా వేడి నీళ్లకు రాసింది. కాబట్టి కేటలాగు ప్రకారం 2000 వాట్లది పెట్టాలి. ఈ లెక్క వేయకుండా పాత బాయిలర్ సైజు చూసి పెద్ద హీట్ పంప్ యూనిట్ తగిలించడమే అన్నిటికంటే పెద్ద తప్పు. చలి తక్కువున్న రోజుల్లో అది నిమిషనిమిషానికీ ఆగుతూ, మొదలవుతూ కంప్రెసర్‌ను అరగదీస్తుంది. అటకలో వేడిని బయటికి పోనివ్వని ఇన్సులేషన్ 270 మిల్లీమీటర్ల మందాన ముందే పరిస్తే చిన్న యూనిట్టే సరిపోతుంది.

తర్వాత పైపులు. 6 కిలోవాట్ల యూనిట్, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ 5 డిగ్రీల తేడాతో నడిస్తే నిమిషానికి 17 లీటర్లు పారాలి. బాయిలర్ 20 డిగ్రీల తేడాతో నడిస్తే నాలుగు లీటర్లకు కాస్త పైన సరిపోయేది. యూనిట్ నుంచి వచ్చే ప్రధాన పైపు 28 మిల్లీమీటర్లుంటే నిశ్చింత. నేల కింద 8 మిల్లీమీటర్ల సన్న పైపులుంటే పంపు మూలుగుతుంది, చివరి గది చల్లగానే ఉండిపోతుంది. పాత రేడియేటర్లలోని నల్లటి తుప్పు బురదను కడిగేసి, అయస్కాంత ఫిల్టరు పెట్టాలి. లేకపోతే హీట్ పంప్ లోపలి సన్నని దారులు పూడుకుపోతాయి.

కరెంటు సంగతి ఆఖరికి వదలకూడదు. పాత ఇళ్లలో ప్రధాన ఫ్యూజు 60 ఆంపియర్లదే కావచ్చు, నీళ్లు కాచే 9.5 కిలోవాట్ల కరెంటు షవర్ ఒక్కటే 41 ఆంపియర్లు లాగుతుంది. పక్కింటితో కలిపి ఒకే కేబుల్ ఉంటే విడదీయడానికి నెలలు పట్టొచ్చు. ముందు దానికోసం కరెంటు లైన్ల సంస్థకు దరఖాస్తు పెట్టాకే మిగతా పని.

బయటి యూనిట్‌పై పేరుకున్న మంచు కరిగి నీళ్లు కారతాయి. అవి నడకదారి మీదికి పోతే గడ్డకట్టి జారుడుబండ అవుతుంది. కింద కంకర గుంత తవ్వాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో హీట్ పంప్ పెట్టుకోవడానికి ప్రభుత్వం 2023 అక్టోబరు నుంచి ఇచ్చే 7,500 పౌండ్ల సాయం అద్దె ఇళ్ల యజమానులకూ వర్తిస్తుంది. దరఖాస్తు పెట్టేది ఇన్‌స్టాలరే.

చివరగా అద్దెకున్నవాళ్లు. పొద్దున గంటసేపు, రాత్రి గంటసేపు హీటింగ్ వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. రాతి గోడ ఒకసారి చల్లబడితే 45 డిగ్రీల నీళ్లతో మళ్లీ వెచ్చబడటానికి సగం రోజు పట్టొచ్చు. రాత్రి రెండు డిగ్రీలు తగ్గించండి, ఆపేయకండి. స్నానాల నీళ్ల ట్యాంకులో ఇమ్మర్షన్ హీటరు పొరపాటున ఆన్‌లో ఉండిపోతే ఆ నీళ్లు కాచే ఖర్చు రెండుమూడింతలకు ఎగబాకుతుంది, పైగా నీళ్లు వేడిగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏ స్విచ్ ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఒక్క కాగితం మీద రాసి ట్యాంకు అలమర తలుపు లోపలివైపు అతికించండి. ఇల్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగిన ప్రతిసారీ ఇమ్మర్షన్ హీటరు స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.