షుగర్, మతిమరుపు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో నా దగ్గరికి వచ్చే షుగర్ పేషెంట్లలో డెబ్బై దాటినవాళ్లే ఎక్కువ. రిపోర్టులు పట్టుకొచ్చే కొడుకులు, కోడళ్లు ఈమధ్య షుగర్ కన్నా మతిమరుపు గురించే ఎక్కువ అడుగుతున్నారు.

అపోహ: మతిమరుపు వయసుతో వచ్చేదే, షుగర్‌కి సంబంధం లేదు.

కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతే వయసు అనుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా తిరిగిన బ్రాడీపేటలో ఇంటికి దారి తెలియకపోతే అది జబ్బే. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకి డిమెన్షియా (మతి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు. కళ్లనీ కిడ్నీలనీ పాడుచేసినట్టే షుగర్ మెదడులోని సన్నటి రక్తనాళాలనీ పాడుచేస్తుంది. బీపీ కూడా తోడైతే పైకి తెలియని చిన్నచిన్న స్ట్రోకులు వచ్చి పోతుంటాయి. అలాగని షుగర్ ఉన్న ప్రతివారికీ మతి పోతుందని కాదు. డిమెన్షియాకి దారితీసే వాటిలో మన చేతిలో ఉన్నవి 14 అని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో చెప్పింది. షుగర్, బీపీ, చెవుడు, పొగతాగడం అన్నీ అందులో ఉన్నాయి.

అపోహ: షుగర్ ఎంత తగ్గిస్తే మెదడుకి అంత మేలు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. మెదడు నడిచేదే గ్లూకోజ్ మీద. షుగర్ మరీ పడిపోయి ఆస్పత్రి పాలైన పెద్దవాళ్లలో తర్వాత డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. మతి తగ్గినవాళ్లకి లో షుగర్ రావడమూ ఎక్కువే.

కార్తీక సోమవారం పెద్దావిడ ఉపవాసం ఉంటారు, కానీ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుంటారు. సాయంత్రానికి షుగర్ పడిపోయి మాట తడబడుతుంది, పిలిస్తే పలకరు. వయసులో ఉన్నవాళ్లకి పట్టినట్టు చెమటలు, వణుకు పెద్దవాళ్లలో కనబడకపోవచ్చు. ఇంట్లోవాళ్లేమో "అత్తయ్యగారికి చాదస్తం ఎక్కువైంది" అనుకుంటారు. ఉపవాసం ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పి, ఆ రోజు మాత్ర సంగతి తేల్చుకోండి.

అమెరికాలో జరిగిన అకార్డ్ అధ్యయనంలో షుగర్‌ని గట్టిగా తగ్గించినా జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7-7.5 చాలు. మతిమరుపు, వేరే జబ్బులు ఉన్నవాళ్లకి 8 దాకా ఉన్నా ఫర్వాలేదు. ఎనభై ఏళ్ల తల్లికి ఆరున్నరకి తెమ్మని పట్టుబట్టే కొడుకులకి ఇది నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

అపోహ: ఇన్నేళ్ల అలవాటు, నాన్న మందులు నాన్నే వేసుకుంటారు.

ఓసారి స్ట్రిప్పులు తీసి లెక్కపెట్టండి. అయిపోవాల్సినవి మిగిలాయంటే మర్చిపోతున్నారు. నెలకి తెచ్చినవి ఇరవై రోజుల్లో అయిపోయాయంటే వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకుంటున్నారు. రెండోది ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ అయితే మీ చేత్తోనే ఇవ్వండి.

అపోహ: షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వల్లే మతిమరుపు.

కాదు. కాకపోతే ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. దానివల్ల మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. రక్తపరీక్షలో తెలిసిపోతుంది, వైద్యం ఉంది. వాట్సాప్ చూసి మాత్ర మానేయకండి.

అపోహ: చక్కెర మాని బెల్లం తింటే ఫర్వాలేదు.

బెల్లమూ చక్కెరే.

ఇంకొకటి. డిమెన్షియా రాత్రికి రాత్రి రాదు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే ముందు గ్లూకోమీటర్ తీయండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలతో పడిన షుగర్ కొన్ని గంటలకి మళ్లీ పడొచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ సరిగ్గానే ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, స్ట్రోకో అయ్యుండొచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు.