ఒక కన్ను పోతే సదరంలో 50 శాతం వస్తుందా?

సదరం క్యాంపు (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరం) ఉన్న రోజు కంటి విభాగంలో నాకు తప్పకుండా వినిపించే మాట: "రెండు కళ్లలో ఒకటి పోనాది, అంటే సగం కదేటి బాబూ?"

సగం కాదు. డాక్టర్ల బోర్డు మొదట చూసేది బాగున్న కన్ను ఎంత పనిచేస్తోందో. దాని చూపు 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే, రెండో కంటికి వెలుతురు కూడా తెలియకపోయినా 30 శాతమే వస్తుంది. పింఛనుకి 40 కావాలి. ఆ పట్టిక కేంద్రం ఇచ్చింది, డాక్టరు దయ మీద ఆధారపడింది కాదు. 30ని 45 చేయిస్తానని డబ్బు అడిగేవాడిని గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇంతకన్నా ప్రమాదమైన పుకారు ఇంకొకటుంది: మందు మానేస్తే శాతం పెరుగుతుందని. ఉద్దానం వైపు నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చాడు. నీటికాసుల (గ్లాకోమా) వల్ల ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కన్ను కూడా కొంచెం మందగిస్తే పింఛను ఖాయమని ఊళ్లో ఎవరో చెప్పారట. ఎనిమిది నెలలు చుక్కలు వేసుకోలేదు. పరీక్ష చేస్తే ఆ కంట్లోనూ పక్క చూపు బాగా కుంచించుకుపోయింది. "మళ్లీ మందేస్తే వచ్చేస్తాది కదా బాబూ?" అని భార్య అడిగింది. రాదు. నీటికాసుల్లో పోయిన చూపు చుక్కలతో రాదు, ఆపరేషన్‌తోనూ రాదు. ఉన్నది నిలబెట్టుకోవడమే. ఆయన మీద కేకలేశాను. ఇంటికెళ్లాక బాధేసింది. నెలకు 6,000 రూపాయలు ఆ ఇంటికి ఎంత ఆసరానో నాకు తెలియనిదా?

శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తున్నారు. బాగయ్యే చూపుకి బోర్డు శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వదు, ఆపరేషన్ చేయించుకుని రమ్మంటుంది. కళ్లజోడు ఇంట్లో వదిలేసి వచ్చినా లాభం లేదు, సరైన అద్దాలు పెట్టే చూపు కొలుస్తాం.

చెవులదీ ఇదే తీరు: ఒకటి పూర్తిగా పోయి రెండోది బాగుంటే సుమారు 17 శాతం. రెండు లోపాలుంటే శాతాలు నేరుగా కూడరు. కాలికి 30, చెవికి 20 వస్తే మొత్తం 50 కాదు, 43. అయినా 40 దాటింది కాబట్టి, రెండు లోపాలున్నవాళ్లు రెండూ తప్పకుండా చూపించుకోండి.

స్లాట్ దొరికిందా? టెన్షన్ పడకండి. పాత చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, కళ్లజోడు తెచ్చుకోండి. క్యాంపు రోజు పొద్దున కూడా చుక్కలు వేసుకునే రండి.