బేస్ నాబ్ మీద అంత నమ్మకం దేనికి?

సికింద్రాబాద్‌లోని మా మరమ్మతు బల్ల మీదికి ఒకే ఫిర్యాదుతో బేస్ గిటార్లు వస్తూనే ఉంటాయి. "ప్రీయాంప్ పోయింది సార్, బ్యాండులో నా గిటార్ వినిపించడం లేదు." ప్రీయాంప్ అంటే గిటార్ లోపల స్వరాలను పెంచి తగ్గించే చిన్న సర్క్యూట్. విప్పి చూస్తే అందులో సోల్డరింగ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. నాబ్‌లు మాత్రం బేసూ (అడుగు స్వరాలు) ట్రెబులూ (పైస్వరాలు) చివరంటా, మిడ్ (మధ్య స్వరాలు) అట్టడుగుకూ తిప్పి ఉంటాయి. జబ్బంతా అక్కడే.

అపోహ: బేస్ గిటార్ వినిపించాలంటే బేస్ నాబ్ పెంచాలి.

వాస్తవం: ఖాళీ ఇ తీగ, అంటే వేలితో నొక్కకుండా మీటే ఇ తీగ, మూల స్వరం 41 హెర్ట్జ్ (సెకనుకు 41 ఊపులు). దాన్ని మీటగానే 82, 124, 165 హెర్ట్జ్‌ల దగ్గర హార్మోనిక్స్, అంటే దాని రెట్టింపు, మూడింతల, నాలుగింతల తోడు స్వరాలు కూడా పలుకుతాయి. చెవి స్వరాన్ని పోల్చుకునేది చాలావరకు వాటితోనే. అనుమానముంటే ఫోనులో ఏదైనా పాట పెట్టి వినండి. ఆ గోరంత స్పీకరుకు 41 హెర్ట్జ్ పలికే శక్తి లేదు, అయినా బేస్ నడక మీకు తెలుస్తూనే ఉంటుంది. బేస్ నాబ్ పెంచేది ఆ అడుగు పొరను. అక్కడ అప్పటికే కిక్ డ్రమ్ము ఉంటుంది, కీబోర్డు వాయించేవారి ఎడమచేయి ఉంటుంది, ఫంక్షన్ హాలు గోడల హోరు ఉంటుంది. ఆ సంతలో మీరు ఇంకో గొంతు కలుపుతున్నారు. స్వరం విడిగా తెలియాలంటే సుమారు 250 నుంచి 800 హెర్ట్జ్ వరకు, అంటే మీరు అడుగుకు తోసేసిన ఆ మిడ్‌లోనే పని ఉంది.

జేబుకు చిల్లు పడేదీ ఇక్కడే. నాబ్ పూర్తిగా తిప్పితే 12 డెసిబెల్స్ (ధ్వని తీవ్రత కొలత) పెరిగిందనుకోండి. ఆ అడుగు స్వరాలకు పవర్ దాదాపు 16 రెట్లు కావాలి. 10 వాట్లతో సరిపోయేదానికి 160 వాట్లు! స్పీకరు కోను నాలుగింతల దూరం ఊగాలి. చిన్న యాంప్ (యాంప్లిఫయర్) గరగరమంటుంది, కోను చిరుగుతుంది, తర్వాత యాంప్‌దే తప్పని ఎవరో చెబుతారు, కొత్తది కొంటారు. నిమజ్జనం లారీల మీది పెట్టెలు గుండెను అదరగొడితే అదే బేస్ అనుకునే ఊరు మనది, ఎవరినని ఏం లాభం.

క్రిస్మస్‌కు ముందు ఒక కుర్రాడు తండ్రితో వచ్చాడు. చర్చి బృందంలో వాయిస్తాడు. "చీటీ డబ్బు చేతికొచ్చింది సార్, కొత్త ప్రీయాంప్ వేసేయండి" అన్నారు తండ్రి. కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు, తప్పంతా తన వేళ్లదే అన్నట్టు. డ్రమ్సూ కీబోర్డూ ఉన్న ఒక ట్రాక్ పెట్టి, బేసూ ట్రెబులూ మధ్యకు తెచ్చి, మిడ్ కాస్త పెంచి వాయించమన్నాను. సంగీతం తెలియని ఆ తండ్రే, "ఇప్పుడు వీడు వాయించేది తెలుస్తోంది" అన్నారు. ట్రాక్ ఆపగానే కుర్రాడు ముఖం చిట్లించాడు. "ఒక్కడినే వాయిస్తే జలుబు చేసినట్టుంది అన్నా." నిజమే, అలాగే ఉంటుంది. గదిలో ఒంటరిగా కూర్చుని తియ్యగా సర్దుకున్న ధ్వనే బృందంలో మాయమవుతుంది. డ్రమ్మర్ పక్కన ఉండగా నాబ్ తిప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నాబ్ మధ్యలో ఉంటే అన్నిచోట్లా ఫ్లాట్, అంటే ఏ పెంపూ తగ్గింపూ లేనట్టు, అనుకోవద్దు. పెంచడం, తగ్గించడం రెండూ చేసే యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) ప్రీయాంప్‌లో, మధ్యలో టక్కున ఆగే నాబ్‌కు అది సరే. పాత తరహా టోన్ సర్క్యూట్ ఉన్న కొన్ని యాంపుల్లో అన్నీ మధ్యలో పెట్టినా మిడ్ తగ్గే ఉంటుంది. పాసివ్ గిటార్ (లోపల ప్రీయాంప్ లేనిది) టోన్ నాబ్ పైస్వరాలను కోయడమే తప్ప దేన్నీ పెంచలేదు. యాక్టివ్ అయితేనే మంచి గిటార్ అన్నది అమ్మేవాళ్ల మాట. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లోపల ప్రీయాంప్‌తో వచ్చింది నిజమే, దానివల్ల అంతకుముందు పాసివ్ గిటార్లతో చేసిన రికార్డింగులు చెడిపోలేదు కదా.

హాల్లో ఒకచోట బేస్ దద్దరిల్లి కొన్ని అడుగుల అవతల మాయమైతే ప్రీయాంప్‌ను తిట్టకండి. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే, గోడలతో దాని గొడవ దానిది. యాంప్‌ను మూల నుంచి కాస్త జరిపి చూడండి.

ఇక బ్యాటరీ. చాలా యాక్టివ్ గిటార్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ప్రీయాంప్ కరెంటు తాగుతూనే ఉంటుంది, యాంప్ కట్టేసినా సరే. రాత్రంతా అలా వదిలేస్తే కొన్నాళ్లకు ధ్వని నీరసించి చిట్లుతుంది. ఆ కుర్రాడి 9 వోల్టుల బ్యాటరీ కూడా 7కు దిగిపోయి ఉంది. అది మార్చి, దాని ఖరీదే తీసుకున్నాను. కేబుల్ మాత్రం వాళ్ల నాన్నే పీకి చుట్టి సంచిలో పెట్టారు.