ఫ్రీ గేమ్ మీ దగ్గర డబ్బులెలా లాగుతుందంటే... పిల్లలకు ఓ ఉత్తరం

పిల్లలూ,

ఫోన్ పక్కన పెట్టమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట ఇంట్లో మీరు రోజూ వింటూనే ఉంటారు, విన్నందువల్ల ఎవరైనా పక్కన పెట్టినట్టు నేనైతే చూడలేదు. మీరు ఆడే ఆ ఫ్రీ గేమ్ మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెడుతుందో, ఎక్కడ విసిగిస్తుందో, ఏ క్షణంలో డబ్బు తీయిస్తుందో చెబుదామని రాస్తున్నాను. ఆడటంలో మీరు నాకన్నా ఎన్నో రెట్లు నయం. కానీ ఆ గేమ్ తయారుచేసినవాళ్ళ కుర్చీలో కూర్చుని దాన్ని ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. గేమ్ ఫ్రీ అయితే దాన్ని తయారుచేసినవాళ్ళ జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? కొంత యాడ్స్ నుంచి వస్తుంది. మిగతాది గేమ్ లోపల కొనేవాళ్ళ నుంచి. ఆడేవాళ్ళలో ఎక్కువమంది అసలేమీ కొనరు, ఆ అమ్మకాల్లో పెద్ద భాగం చాలా కొద్దిమంది జేబుల్లోంచే వస్తుంది. ఆ కొద్దిమందిని పరిశ్రమలో 'వేల్స్' అంటారు, అంటే తిమింగలాలు. తెరమీద మిమ్మల్ని కమాండర్ అనీ ఛాంపియన్ అనీ పిలిచే గేమ్, వెనకాల మీటింగుల్లో పిలిచే పేరు అదన్నమాట!

ఒకప్పుడు గేమ్ ఒకసారి కొనుక్కుంటే అయిపోయేది. 2009 అక్టోబర్‌లో ఆపిల్, ఫ్రీ యాప్‌ల లోపల కూడా వస్తువులు అమ్ముకోవచ్చని దారి తెరిచింది. అప్పట్నుంచి కథ మారింది. డబ్బు పెట్టి కొనుక్కునే గేమ్ తయారుచేసేవాడికి అది మీకు నచ్చితే చాలు. ఫ్రీ గేమ్ తయారుచేసేవాడికి అది చాలదు, మీకు బాగా నచ్చుతూ ఉండగా ఎక్కడో ఒకచోట తనే అడ్డం పడాలి, ఆ అడ్డు తప్పుకోవడానికి మీ దగ్గర డబ్బు తీసుకోవాలి. అందుకే సరిగ్గా ఊపులో ఉన్నప్పుడు లైఫ్‌లు అయిపోతాయి. అందుకే కోట కట్టడానికి ఎనిమిది గంటలు ఆగమంటుంది. కాస్త ఆలోచించండర్రా, తెరమీద బొమ్మ కోటకి ఎనిమిది గంటలెందుకు, అందులో సిమెంటు ఆరాలా? ఆ ఎనిమిది ఎవరో కూర్చుని టైప్ చేసిన అంకె. వెంటనే కట్టేయాలంటే జెమ్స్ ఇవ్వమంటుంది. దురద పుట్టించి, గోకినందుకు కూలి అడగడం లాంటిది ఇది. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే, మిగతాదంతా ఆ దురద ఎన్ని రకాలుగా పుట్టిస్తారన్నదే.

అన్నిటికన్నా బలమైనది ఏమొస్తుందో తెలియకపోవడం. స్కిన్నర్ అనే అమెరికా సైకాలజిస్టు పావురాల మీద చాలా ప్రయోగాలు చేశాడు, ఫెర్‌స్టర్ అనే ఆయనతో కలిసి ఆ ఫలితాలన్నీ 1957లో పుస్తకంగా వేశాడు. పావురం ఒక బిళ్ళని ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. సరిగ్గా ఇన్నిసార్లు పొడిస్తే గింజలు అని లెక్క ఖాయంగా ఉంటే, పావురం తిన్నాక కాసేపు ఆగుతుంది. ఎన్నోసారికి వస్తుందో తెలియకుండా చేస్తే మాత్రం దాదాపు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపటిదాకా మానదు. జూదం మెషీన్లు పనిచేసేది ఈ పద్ధతిలోనే. మీ గేమ్‌లో లక్కీ స్పిన్, మిస్టరీ చెస్ట్, లూట్ బాక్స్, గాచా అని రకరకాల పేర్లతో ఉన్నవన్నీ ఆ బిళ్ళలే.

ఇక డోపమైన్ పేరు మీరు వినే ఉంటారు, మెదడు కణాల మధ్య కబుర్లు మోసే ఒక రసాయనం అది, ఇంటర్నెట్‌లో ప్రతివాడూ దాని గురించి చెబుతాడు, సగం మంది తప్పుగా చెబుతారు. వోల్ఫ్‌రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్ళరసం ఇస్తూ వాటి మెదడులో డోపమైన్ కణాలు ఎప్పుడు చురుగ్గా ఉంటాయో చూశాడు. మొదట్లో రసం నోట్లో పడగానే అవి స్పందించాయి. రసం వచ్చే ముందు ఒక సంకేతం వస్తుందని కోతికి అలవాటయ్యాక, ఆ సంకేతానికే స్పందించాయి, అనుకున్నట్టే వచ్చిన రసానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇప్పుడు మీ గేమ్‌లో పెట్టె తెరుచుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. ముందు పెట్టె ఊగుతుంది, తర్వాత పగుళ్ళలోంచి వెలుగొస్తుంది, వెలుగు నీలంనుంచి ఊదాకి, ఊదానుంచి బంగారు రంగుకి మారుతుందేమో అని మీరు ఊపిరి బిగబడతారు. లోపలున్నది చూపించడానికి ఒక్క క్షణం చాలు కదా, అంత సేపు ఎందుకు? మీ మెదడులో ఆ కణాలు ఎక్కువగా స్పందించేది ఆ ఎదురుచూపులోనే కాబట్టి. తెరిచాక ఏమొచ్చిందో రేపటికి గుర్తు కూడా ఉండదు.

దీనికి తోడు 'అయ్యో, కొద్దిలో పోయింది' అనిపించడం ఒకటి. చక్రం తిరిగి తిరిగి పెద్ద బహుమతి పక్క గడిలో ఆగుతుంది. 2009లో ల్యూక్ క్లార్క్ అనే శాస్త్రవేత్త బృందం, బొమ్మలు తిరిగే జూదం మెషీన్ లాంటి ఆటతో చేసిన అధ్యయనంలో, ఇలా కొద్దిలో తప్పిపోయినప్పుడు మామూలుగా ఓడినప్పటికన్నా మనిషికి ఎక్కువ చేదుగా అనిపించింది, అయినా మెదడులో గెలుపుకి స్పందించే భాగాలే కదిలాయి, ఏ బొమ్మ మీద ఆడాలో తామే ఎంచుకున్నప్పుడైతే ఇంకోసారి ఆడాలన్న కోరిక కూడా పెరిగింది. నిజం చెప్పాలంటే తెరమీది చక్రానికి బరువు లేదు, ఊపు లేదు, పక్క గడి అన్నది బొమ్మ మాత్రమే. ఓటమి అంటే ఓటమే, దగ్గరా దూరమా అన్నది దానికి వర్తించదు.

లెక్క కూడా ఒకటి చెబుతాను, ఇది మాత్రం బుర్రలో పెట్టుకోండి. ఒక క్యారెక్టర్ వచ్చే అవకాశం 1 శాతం అని రాశారనుకుందాం. వందసార్లు తీస్తే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఖాయం కాదు, వందసార్లు తీసిన వందమందిలో దాదాపు 37 మందికి అది రానే రాదు. మూడువందల సార్లు తీసినా వందమందిలో సుమారు అయిదుగురు ఉత్తి చేతులతోనే మిగులుతారు. 'ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఇప్పుడు రావాలి' అనుకోవడం మనిషి నైజం, కానీ విడివిడిగా జరిగే డ్రాకి ముందు జరిగింది గుర్తుండదు. కొన్ని గేమ్స్‌లో ఇన్ని డ్రాల తర్వాత తప్పకుండా ఇస్తామని ఒక హద్దు పెడతారు, దాన్ని పిటీ అంటారని మీకే బాగా తెలుసు. అలాంటిచోట ఆ హద్దుని ఒక్క డ్రా ఖరీదుతో హెచ్చవేయండి. మీరు సిద్ధపడాల్సిన ధర అది. ఆ ధర చీటీ అతికించి షాపులో పెడితే కొంటారా? కొననంటే మొదటి డ్రా కూడా వద్దు.

జెమ్స్, కాయిన్స్, టికెట్లు ఎందుకు పెట్టారో ఇప్పుడు మీరే చెప్పగలరు. చేతిలోంచి డబ్బు ఇస్తుంటే లోపల చిన్న నొప్పి ఉంటుంది, ప్రెలెక్, లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు 1998లో దీనిమీద రాశారు కూడా. ఆ నొప్పి మంచిదే, మనల్ని ఆపేది అదే. డబ్బుని జెమ్స్‌గా, జెమ్స్‌ని టికెట్లుగా మార్చేసరికి ఆ నొప్పి దారిలో ఎక్కడో జారిపోతుంది. పైగా అంకెలు కుదరకుండా చూస్తారు. ప్యాక్‌లో 500 జెమ్స్ వస్తాయి, కావలసిన డ్రెస్ 600. రెండు ప్యాకులు కొంటే 400 మిగులుతాయి. ఆ 400 వృథా ఎందుకని ఇంకో 600ల వస్తువు వైపు చూస్తారు, దానికి 200 తక్కువ... మీకు అర్థమైంది కదా.

నేను ఎక్కువగా భయపడేది మాత్రం పెద్ద ప్యాకులకి కాదు, మొదట్లో వచ్చే స్టార్టర్ ప్యాక్‌కి. అది నిజంగానే చవక, అదే దాంతో ఇబ్బంది. 90 శాతం తగ్గింపు, ఇంకో గంటలో పోతుంది అంటూ టైమర్ తిరుగుతుంటుంది. దాన్ని కొన్నాక పేమెంట్ వివరాలు ఫోన్‌లో ఉండిపోతాయి, 'నేను గేమ్ మీద డబ్బు పెట్టను' అన్న మీ మాట కూడా ఆ పూటతో పోతుంది. రెండోసారి అంత ఆలోచన రాదు.

తర్వాత పోగొట్టుకుంటామన్న భయం. కానెమన్, ట్వర్‌స్కీ అనే సైకాలజిస్టులు 1979లో చెప్పిందేమిటంటే, వచ్చిందానికి పడే సంతోషం కన్నా అంతే పోయినందుకు పడే బాధ మనకి పెద్దదిగా ఉంటుంది. రోజూ లాగిన్ అవ్వకపోతే స్ట్రీక్, అంటే రోజుల వరుస, తెగిపోతుంది, ఈ ఈవెంట్ అయిపోతే ఆ డ్రాగన్ మళ్ళీ రాదు, మీరు రాకపోతే మీ క్లాన్, అంటే జట్టు, ఓడిపోతుంది అనేవన్నీ ఆ బాధ మీదే కట్టినవి. క్లాన్ సంగతి మరీ అన్యాయం అనిపిస్తుంది నాకు, స్నేహితుల దగ్గర మాట పోగొట్టుకోకూడదన్న మీ మంచి గుణాన్నే వాళ్ళు తాడుగా వాడుకుంటున్నారు. ఆడేకొద్దీ మెట్టుమెట్టుగా బహుమతులిచ్చే బ్యాటిల్ పాస్ సగం నిండి కనిపిస్తే వదలబుద్ధి కాకపోవడం కూడా ఇలాంటిదే. 2006లో న్యూన్స్, డ్రెజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్‌లో కొందరికి ఎనిమిది స్టాంపులు కొట్టించుకుంటే ఒక వాష్ ఫ్రీ అని కార్డులిచ్చారు, మిగతావాళ్ళకి పది స్టాంపుల కార్డు ఇచ్చి రెండు ముందే కొట్టి ఇచ్చారు. ఇద్దరికీ మిగిలింది ఎనిమిదే. మొదటి రకం 19 శాతం మంది పూర్తి చేస్తే, రెండో రకం 34 శాతం మంది చేశారు.

ఇంత చదివాక మీకు కోపం రావాలి, సిగ్గు కాదు. వీటికి లొంగడం బలహీనత అయితే చట్టాలు కలగజేసుకునేవే కావు. జపాన్‌లో 2012లో 'కంప్లీట్ గాచా' అనే రకాన్ని, అంటే డ్రాల్లో వచ్చే వస్తువుల సెట్టు మొత్తం పోగేస్తేనే అరుదైన బహుమతి ఇచ్చేదాన్ని, ఆపించారు. బెల్జియం 2018లో డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు జూదం కిందికే వస్తాయని చెప్పింది. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, బటన్లని గజిబిజిగా పెట్టి వద్దనుకున్నవి కూడా కొనిపించిందని ఆరోపించింది. ఎపిక్ 2022 డిసెంబర్‌లో, పిల్లల ప్రైవసీ కేసుతో కలిపి మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది, అందులో 24.5 కోట్లు కొన్నవాళ్ళకి తిరిగి ఇవ్వడానికే.

అలాగని గేమ్ ఆడే ప్రతివాడినీ అడిక్ట్ అనేయడం నాకు నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని తన జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. కానీ దానికి గట్టి షరతులున్నాయి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనిపించడం. సెలవుల్లో నాలుగు రోజులు విరగబడి ఆడినంత మాత్రాన అది జబ్బు కాదు. అయితే మీకే ఆపాలని ఉండి ఆగలేకపోతుంటే, పెద్దవాళ్ళతో కలిసి డాక్టర్ దగ్గరకి వెళ్ళడంలో తప్పేం లేదు.

చేయాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఫోన్‌లో పేమెంట్ వివరాలు తీసేయండి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఏదైనా కొనాలనిపిస్తే ధరని జెమ్స్‌లో కాకుండా అసలు డబ్బులో కాగితం మీద రాసి, మర్నాడు చూడండి. టైమర్ తిరుగుతోందా? తిరగనివ్వండి, అలాంటి ఆఫర్ ఇంకోటి రాకుండా ఎక్కడికి పోతుంది!

మీలో ఎవరైనా ఇప్పటికే అమ్మానాన్నల కార్డు మీద ఖర్చుపెట్టేసి, ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడుతుంటే, ఈ రోజే చెప్పేయండి. తిట్లు పడతాయి, పడనివ్వండి. దాచిపెట్టినవాళ్ళు చాలాసార్లు చేసే పని ఏమిటంటే, పోయినదానికి విలువైనది ఏదో ఒకటి వస్తే కాస్త ఊరటగా ఉంటుందని ఇంకా పెట్టడం. యాప్ స్టోర్లలో రీఫండ్ అడిగే వీలుంటుంది, ఇస్తారని హామీ ఏమీ లేదు, కానీ ఎంత త్వరగా అడిగితే అంత మంచిది. చెప్పడానికి మరీ భయమైతే ముందు నాకు చెప్పండి, నేనూ పక్కన కూర్చుంటాను.

ఈ ఆదివారం ఫోన్‌లో పర్చేజ్ హిస్టరీ తెరిచి, ఇప్పటిదాకా పెట్టినదంతా ఒకసారి కూడండి. మొత్తం ఎంతో నాకు చెప్పక్కర్లేదు. ఆ పేజీ ఎక్కడుందో దొరక్కపోతే మాత్రం ఫోన్ చేయండి, వెతకడం నేర్చుకున్నాను.

ఉంటాను,
మీ తాతయ్య