పల్లె రోడ్డు మోయలేని టిప్పర్

పది టైర్ల టిప్పర్ బండితో సహా 28.5 టన్నులు దాటకూడదు. బండే సుమారు పదిన్నర టన్నులు తూగుతుంది, అంటే లోడుకు మిగిలేది 18. తొట్టి 16 ఘనమీటర్లది అనుకుందాం. రీచ్‌లో, అంటే నదిలో ఇసుక తవ్వే చోట, తడిగా ఎత్తిన ఇసుక ఘనమీటరు 1.8 టన్నుల దాకా ఉంటుంది. అంచుదాకా పోస్తే 28.8 టన్నులు. పైన పట్టా కప్పి నీళ్లు కారుతూ వెళ్లే బండిని చూస్తే, పది టన్నులు ఎక్కువ ఎక్కిందని ఎవరికీ అనిపించదు.

చట్టంలోని పరిమితీ పెరుగుతూనే వచ్చింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు ఒకప్పుడు 8.16 టన్నులే. 1983లో 10.2 అయింది, 2018 జులైలో 11.5 అయింది. వెనక జంట ఇరుసుకు అప్పుడే 19 నుంచి 21 చేశారు. రోడ్డు మందం లెక్కలు మాత్రం నేటికీ ఆ 8.16 టన్నుల ఇరుసు మీదే నడుస్తున్నాయి. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ దాదాపు 16 రెట్లు. 1950ల చివర్లో అమెరికాలో లారీలు తిప్పి తేల్చిన సూత్రమిది.

ఆ లెక్కన 28.5 టన్నుల టిప్పర్ ఒక్క ట్రిప్పు అయిదున్నర ప్రామాణిక (8.16 టన్నుల) ఇరుసులతో సమానం. అంచుదాకా నింపిన అదే బండి ఇరవై పైమాటే. పదేళ్లలో లక్ష ప్రామాణిక ఇరుసులు తిరుగుతాయన్న లెక్కతో కట్టిన పల్లె రోడ్డు, రోజుకు 50 ఓవర్‌లోడ్ ట్రిప్పులు తిరిగితే సుమారు మూడు నెలల్లో ఆయుష్షు ముగించుకుంటుంది. స్వర్ణముఖి నది ఒడ్డు ఊళ్లకు ఈ లెక్క చాలా ముఖ్యం. అదే ఇసుకను పరిమితిలో తోలితే ట్రిప్పులు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతాయి, అయినా రోడ్డుకు దెబ్బ సగానికన్నా తక్కువే.

పల్లె రోడ్డు మీద తారు పొర చాలాచోట్ల 20 మిల్లీమీటర్లే. బరువు మోసేది కింది కంకర. ముందు చక్రాల దారిలో చాళ్లు పడతాయి, తర్వాత ఎండిన చెరువులా బీటలు. వాటిలోంచి వాన నీరు దిగి అడుగు మట్టి మెత్తబడితే, పైన ఎన్నిసార్లు ప్యాచ్ వేసినా నిలవదు.

జరిమానా కట్టించుకుని బండిని అలాగే వదిలేయడం కుదరదని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అదనపు లోడు దింపించాలి. 2019 సవరణతో జరిమానా 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 అయింది. కానీ రోడ్డెక్కాక పట్టుకుంటే ఆ లోడు దింపడానికి చోటెక్కడ? కాటా రీచ్ గేటు దగ్గరే ఉండాలి. అది వచ్చేదాకా తొట్టి లోపల 10 ఘనమీటర్ల దగ్గర ఒక గీత గీసి, తడి ఇసుక అక్కడికి రాగానే పొక్లెయిన్ ఆపించాలి.