లైసెన్సు ఎవరి చేతికి? చిగురుపన్ను నుంచి లక్కీ డ్రా దాకా

2025 అక్టోబర్‌లో తెలంగాణ జిల్లాల్లో మద్యం షాపుల లాటరీ జరిగింది. పెద్ద హాలు, వేదిక మీద కలెక్టర్, ఎక్సైజ్ అధికారులు, ముందు బల్ల మీద నంబర్లు వేసిన టోకెన్లు. ఒక షాపు నంబరు పిలుస్తారు. దానికి దరఖాస్తు చేసిన వాళ్ల టోకెన్లన్నీ డబ్బాలో వేసి బాగా కలిపి ఒకటి తీస్తారు. ఆ నంబరు ఎవరిదైతే వాళ్లకు రెండేళ్ల పాటు అక్కడ మద్యం అమ్మే హక్కు. మిగతా వాళ్లు వెనక్కి వెళ్లాల్సిందే. దరఖాస్తుకు కట్టిన 3 లక్షలు తిరిగి రావు. 2,620 షాపులకు 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి కాబట్టి ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లకు పైగా చేరింది.

అంతకు ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తంతు జరిగింది. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి 2 లక్షలు. లాటరీ అయిన రాత్రి టీవీల్లో ఎవరికి ఎన్ని షాపులు తగిలాయన్నదే చర్చ. షాపు వచ్చే వీధి వాళ్ల మాట ఎక్కడా వినిపించలేదు. మన దగ్గర మద్యం లైసెన్సు ఎలా పుట్టి ఇక్కడిదాకా వచ్చిందో చూస్తే ఆ మాట ఎందుకు వినిపించదో అర్థమవుతుంది.

ఆబ్కారీ పారశీకం నుంచి వచ్చిన మాట. కల్లు, సారాల మీద వచ్చే ఆదాయం సర్కారుది అనే అర్థంలో అది మన పల్లెల దాకా చేరింది. ఆ ఆదాయాన్ని సర్కారు స్వయంగా వసూలు చేసుకునేది కాదు. ఒక ప్రాంతంలో అమ్మే హక్కును వేలం వేసి, ఎక్కువ పాడిన కాంట్రాక్టరుకు అప్పగించేది. పెట్టిన డబ్బుకు రెట్టింపు రాబట్టుకోవడం అతని పని. నిజాం ఇలాకాలో ఇలాంటి కాంట్రాక్టర్లను ముస్తాజర్లు అనేవాళ్లు. చెట్టెక్కి ప్రాణాలకు తెగించి కల్లు గీసే మనిషికి, ఆ చెట్టు మీద హక్కున్న మనిషికి మధ్య పెరిగిన దూరమంతా ఈ వేలంపాటల్లోనే మొదలైంది.

గోదావరి ఏజెన్సీలో ఈ పద్ధతి ఏం చేసిందో 1879 రంపా తిరుగుబాటు చెబుతుంది. కొండల్లో జీలుగు కల్లు ఇంటి ఆహారం లాంటిది. కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకున్నా తప్పే అన్నాయి. కల్లు కాంట్రాక్టును మైదానం నుంచి వచ్చిన వాళ్లు పాడుకున్నారు. దాని మీద రంపాను సర్కారు కింద ఏలే మన్సబుదారు 'చిగురుపన్ను' పేరుతో ఇంకో వసూలు మొదలుపెట్టాడు. ఆ ఏడాది మార్చిలో మొదట పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి, తరువాత కొండలన్నీ అంటుకున్నాయి. అణచడానికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. తిరుగుబాటుకు ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ కల్లు మీద పడిన ఈ పెత్తనం వాటిలో ముఖ్యమైనదని బ్రిటిష్ రికార్డులే ఒప్పుకుంటాయి. కల్లుకుండ ఎవరిది అన్న ప్రశ్న మీద మన నేల మీద జరిగిన పెద్ద పోరాటం అది.

దాని నుంచి సర్కారు నేర్చుకున్నది తక్కువ. 1886లో మద్రాస్ ఆబ్కారీ చట్టం వచ్చింది. తయారీకి, రవాణాకు, అమ్మకానికి, చివరికి చెట్టు గీతకు కూడా లైసెన్సు కావాలన్న చట్రం అందులో గట్టిపడింది. హైదరాబాద్ రాజ్యంలో 1316 ఫసలీ (నిజాం పాలనలో వాడిన లెక్క, సుమారు 1906-07) నాటి ఆబ్కారీ చట్టం అదే పని చేసింది. ఈనాడు మనం వాడే లైసెన్సు, పర్మిట్ అన్న మాటల వెనక ఉన్న ఆలోచన చాలావరకు ఆ కాలందే.

తరువాత గాంధీజీ ప్రభావంతో గాలి మారింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధంలోకి వచ్చింది. 1953లో పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి ఇది వారసత్వంగా దక్కింది. నిషేధం సరిగ్గా అమలు కావడం లేదని, ఎత్తేయడమే మేలని ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు ఒప్పుకోలేదు. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒకే ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రం పుట్టిన ఏడాదికే మద్యం విధానం ముఖ్యమంత్రిని దింపేసింది.

1956లో తెలంగాణ కలిశాక ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు నడిచాయి. కోస్తా, సీమల్లో నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ. ఇది ఎంతోకాలం నిలిచేది కాదు. 1968 ఎక్సైజ్ చట్టంతో రెండు ప్రాంతాలనూ ఒకే లైసెన్సు గొడుగు కిందకు తెచ్చారు. రెండు రాష్ట్రాల్లోనూ నేటికీ మూలం ఆ చట్టమే.

1980లలో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి అమ్మే వారుణి వాహిని పథకం వచ్చింది. కల్తీ సారాను అరికట్టడానికే అన్నారు. జరిగింది వేరు. సీసాను మోసుకెళ్లాలి, దాచాలి. ప్యాకెట్ అయితే జేబులో పడుతుంది, కిరాణా కొట్టులో కారప్పొడి పక్కన వేలాడుతుంది, పొలం గట్టు మీదికి నడిచొస్తుంది. కూలి డబ్బులు చేతిలో పడే సాయంత్రానికి ప్యాకెట్ ఎదురుగా ఉంటుంది. ఏటా పెరిగే వేలంపాట డబ్బు రాబట్టుకోవాలంటే కాంట్రాక్టరుకు అంతకన్నా దగ్గర దారి లేదు.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో కథ అడ్డం తిరిగింది. అప్పుడు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రిపూట లాంతరు చుట్టూ చేరి అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, దిద్దుకున్న దానికంటే ఎక్కువగా ఇంటి గోడు మాట్లాడుకున్నారు. తాగొచ్చిన మగవాళ్లు ఆ చదువు కేంద్రంలో గొడవ చేయడం కూడా మామూలే. ఆ ఊరి రోశమ్మ ముందు నడవగా ఊళ్లోకి వచ్చే సారాను అడ్డుకున్నారు, అమ్మేవాళ్లను వెళ్లగొట్టారు. ఈ సంగతి చదువుల వాచకంలో పాఠంగా అచ్చయింది. ఇంకో ఊళ్లో ఆడవాళ్లు ఆ పాఠం కూడబలుక్కుని చదివి, 'వాళ్లు చేసింది మనం చేయలేమా' అనుకున్నారు. 1992లో వాళ్ల ప్రతిఘటనకు సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. వందేళ్లకు పైగా నడిచిన వేలం యంత్రం చీపుర్లు, కారంపొట్లాలు పట్టుకున్న కూలి తల్లుల ముందు ఆగిపోయింది. ఈ చరిత్ర అంతటిలో నా మనసు నిలిచేది అక్కడే.

1993లో ముందు నెల్లూరులో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీఆర్ ప్రమాణ స్వీకార వేదిక మీదే సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16న అది అమల్లోకి వచ్చింది. కానీ సరిహద్దుల నుంచి దొంగ సరుకు, ఊళ్లలో నాటుసారా, ఖజానాకు గండి. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. సారా మీద నిషేధం మాత్రం అలాగే ఉంది. శాఖ పేరులో నిషేధం, ఆబ్కారీ రెండు మాటలూ పక్కపక్కనే ఉండిపోయాయి.

సడలించక తప్పలేదా అని చాలామంది అడుగుతారు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధం దిశగా ప్రయత్నించమని ప్రభుత్వాలకు చెబుతుంది. అదే రాజ్యాంగం మద్యం మీద చట్టం చేసే అధికారాన్నీ, పన్ను వేసే అధికారాన్నీ రాష్ట్రాల జాబితాలో పెట్టింది. జీఎస్టీ వచ్చాక ఈ ముడి ఇంకా బిగిసింది. మిగతా సరుకుల్లో చాలావాటి మీద రేటు నిర్ణయం జీఎస్టీ కౌన్సిల్ చేతికి పోయినా తాగే మద్యం రాష్ట్రం చేతిలోనే మిగిలింది. రాష్ట్రం సొంతంగా పెంచుకోగలిగిన కొద్ది ఆదాయాల్లో ఇదొకటి. ఇక సుప్రీంకోర్టు 1975 నాటి హర్‌శంకర్ కేసులో, 1994 నాటి ఖోడే కేసులో ఒక సంగతి తేల్చింది. మద్యం వ్యాపారం పౌరుడి ప్రాథమిక హక్కు కాదు. ఆ హక్కు రాష్ట్రానిది, లైసెన్సు ఫీజు అంటే రాష్ట్రం తన హక్కును వదులుకున్నందుకు పుచ్చుకునే ధర. ఒక ఫీజు పెంచినా, రాత్రికి రాత్రి విధానం మార్చినా వ్యాపారి కోర్టులో పెద్దగా గెలవలేకపోవడానికి కారణం ఇదే.

1997 తరువాతి కథను త్వరగా చెప్పొచ్చు. వేలంపాటలు తిరిగొచ్చాయి, వాటితో సిండికేట్లు వచ్చాయి. ఎమ్మార్పీకి మించి అమ్మకం, ఒక లైసెన్సు చాటున ఊరూరా బెల్ట్ షాపులు. 2011 చివర్లో ఏసీబీ దాడులతో ఆ బాగోతం బయటపడ్డాక, 2012లో వేలం తీసేసి జనాభాను బట్టి ఫీజు పెట్టి లాటరీ తెచ్చారు. 2014లో విభజన తరువాత చంద్రబాబు పెట్టిన తొలి సంతకాల్లో బెల్ట్ షాపుల రద్దు ఒకటి. 2019 అక్టోబర్‌లో జగన్ ప్రభుత్వం ప్రైవేటు షాపులు తీసేసి ప్రభుత్వమే అమ్మేలా చేసింది. 2024 అక్టోబర్‌లో ఆంధ్రలో మళ్లీ ప్రైవేటు, మళ్లీ లాటరీ. తెలంగాణ లాటరీని వదల్లేదు, 2021 నుంచి గౌడ, ఎస్సీ, ఎస్టీలకు షాపుల్లో రిజర్వేషన్ ఇచ్చింది. తరాలుగా చెట్టెక్కిన కులానికి కౌంటర్ వెనక చోటు దొరకడం మంచిదే అని నేను నమ్ముతాను. అయితే ఇన్ని మార్పుల్లోనూ ప్రశ్నలు రెండే. ఎవరు అమ్మాలి, ఎంత కట్టాలి.

ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్నకు నిబంధనల్లో కొంత జవాబుంది. బడి, గుడి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు షాపు పెట్టకూడదు. ఆ దూరం కొలిచేది షాపు గుమ్మం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచే దారి వెంట. గోడ అవతలే బడి ఉన్నా, గేటు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తే టేపు మీద వంద దాటిపోవచ్చు. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్ల లోపు షాపులు వద్దంది. తరువాత చిన్న ఊళ్లలో దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. హైవే పక్క నుంచి లేచిన షాపులు కొన్ని చోట్ల నేరుగా ఇళ్ల మధ్యకు వచ్చాయి. 2017లో షాపు ముందు బైఠాయించిన ఆడవాళ్ల ఫొటోలు పేపర్లలో తరచూ కనిపించేవి.

పెళ్లిళ్లు, ఫంక్షన్ల సంగతీ ఇంతే. లైసెన్సు లేని చోట మద్యం వడ్డించాలంటే ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఆ తేదీకి, ఆ హాలుకు మాత్రమే అది చెల్లుతుంది. సరుకు ఈ రాష్ట్రంలోని లైసెన్సు షాపు నుంచే రావాలి. ఆ మధ్య బంధువుల రిసెప్షన్‌కు వెళ్తే, ఫంక్షన్ హాలు వెనక గది అద్దం తలుపుకు ఆ పర్మిట్ కాగితం సెల్లోటేప్‌తో అంటించి ఉంది. పేరు, చోటు, సమయం, కట్టిన ఫీజు, అన్నీ ఉన్నాయి. గోడకు అవతలి ఇంట్లో టెన్త్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల ఉందట. హాలు మేనేజరే చెప్పాడు, కొంచెం ఇబ్బందిగానే. ఆ దరఖాస్తులో ఇరుగుపొరుగు కోసం గడి లేదు.

ఇరుగుపొరుగును అడిగే పద్ధతి తెలంగాణ పక్క రాష్ట్రంలో ఉంది. మహారాష్ట్రలో ఒక ఊరు లేదా వార్డు మహిళలు తగినంత మంది సంతకాలు పెట్టి కోరితే రహస్య ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద నిలబడ్డ సీసా, పడిపోయిన సీసా గుర్తులుంటాయి. సగం మందికి పైగా మహిళా ఓటర్లు పడిపోయిన సీసాకు వేస్తే షాపు మూతపడాలి. చదువు రాకపోయినా ఓటు వేయొచ్చు.

మన దగ్గర ఆ అవకాశం చట్టంలో ఉన్నది గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాలకే. 1996 నాటి పెసా చట్టం అక్కడ మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. చిగురుపన్ను మీద తిరగబడ్డ రంపా కొండలు కూడా ఆ ప్రాంతంలోవే. మైదానంలోని దూబగుంటకు అది వర్తించదు.