నరాలకు మత్తిస్తే గుండె ఆగిపోతుందా?

గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలో ఉండే ఒకావిడ మొన్న కంగారుగా వచ్చారు. వాళ్లాయనకు ఛాతీ ఆపరేషన్. నొప్పి తెలియకుండా వీపు పైభాగంలో ఎపిడ్యూరల్, అంటే వెన్నుపాము పొర బయట పెట్టే మత్తుమందు, ఇస్తామన్నారట. "గుండెకు వెళ్లే నరాలు కూడా మొద్దుబారతాయన్నారు మాస్టారూ, గుండె ఆగిపోదా?" అన్నారు.

ఆగదమ్మా అన్నాను. ఫిజియాలజీ ల్యాబులో కప్ప గుండెను బయటికి తీసి రింగర్ ద్రావణంలో, అంటే లవణాలు కలిపిన నీళ్లలో, వేసేవాళ్లం. చింతగింజంత ముద్ద, ఒక్క నరం కూడా అతుక్కుని లేదు, అయినా టపటపా కొట్టుకుంటూనే ఉండేది. నరం తెగితే ప్రాణం పోతుందని నమ్మి వచ్చిన పిల్లలు కళ్లార్పకుండా చూసేవాళ్లు. ఏ పుస్తకమూ ఆ పాఠం అంత బాగా చెప్పలేదు.

కొట్టుకోవడం గుండె సొంత పని. వేగాన్ని, బలాన్ని మార్చడం నరాల పని. వేగస్ నరం నెమ్మది చేస్తుంది. వెన్నుపాములో ఛాతీ పైభాగం నుంచి వచ్చే సింపథెటిక్ నరాలు ఉరికిస్తాయి. ఎపిడ్యూరల్ మందు తగిలేది వీటికే. వేగస్ మెదడు అడుగు నుంచి వస్తుంది, దాని జోలికి పోదు.

మన మిర్చి యార్డునే తీసుకోండి. వేసవి సెలవుల్లో అదనపు హమాలీల ముఠా రాకపోయినా ఎవరికీ తెలియదు. విశ్రాంతిగా ఉన్న గుండె అంతే. నరాలేవీ పట్టించుకోకపోతే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చెప్పే సూత్రం ఒకటుంది: వయసును 0.57తో గుణించి 118.1లోంచి తీసేయాలి. 40 ఏళ్లకు 95 వస్తుంది. కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉందంటే వేగస్ అణచి పట్టుకున్నందువల్లే. సింపథెటిక్ ముఠాకు అప్పుడు పెద్దగా పనిలేదు. దాన్ని ఆపితే నాడి, సంకోచ బలం కాస్త తగ్గుతాయి. బీపీ కూడా తగ్గొచ్చు, మత్తు డాక్టర్ గారు దాన్ని కనిపెట్టుకునే ఉంటారు.

అదే మార్చిలో, లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగిన రోజున? మెట్లెక్కుతున్న గుండె అది. ముందు వేగస్ పట్టు సడలిస్తుంది, నాడి వంద చుట్టుపక్కలకు వస్తుంది. ఆపైన ముఠా రావాలి, రాదు. ఉన్న హమాలీలే విడతకు ఎక్కువ బరువెత్తుతారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి పెరిగి గుండె ఎక్కువ నిండుతుంది, సాగిన కండరం గట్టిగా నొక్కుతుంది. ఇదే ఫ్రాంక్-స్టార్లింగ్ సూత్రం. ఊరికే లెక్క కోసం, మామూలుగా 150 దెబ్బలు, దెబ్బకు 100 మిల్లీలీటర్లు, మొత్తం నిమిషానికి 15 లీటర్లు అనుకోండి. ముఠా లేకపోతే 110 దెబ్బలు, దెబ్బకు 115. పన్నెండున్నర లీటర్లు దాటుతుంది. తగ్గినా బండి నడుస్తుంది. కండరాలు కూడా వచ్చిన రక్తంలోంచే ఎక్కువ ఆక్సిజన్ పిండుకుంటాయి.

ఆలస్యంగా వచ్చే సాయం ఇంకొకటి ఉంది, రక్తంలో తేలి వచ్చే అడ్రినలిన్. గుండె మార్పిడి అయినవాళ్లలో, కొత్త గుండెకు నరాలు తెగి ఉంటాయి కాబట్టి, దీన్ని స్పష్టంగా చూడొచ్చు. నడక మొదలెట్టాక నాడి నిమిషాల మీద పెరుగుతుంది, కూర్చున్నాక అంతే నిదానంగా దిగుతుంది. బీటా బ్లాకర్ మాత్రలు ఈ అడ్రినలిన్‌కు కూడా అడ్డుపడతాయి. అందుకే ఆ మాత్ర వేసుకునేవాళ్లు కోటప్పకొండ మెట్లెక్కినా నాడి మిగతావాళ్లంత పెరగదు.

"ఆపరేషన్ బల్ల మీద ఆయన పడుకునే ఉంటారు, అది సెలవుల యార్డు" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి లేచి నడిపించే రోజు?" అన్నారు. ఎంత చక్కటి ప్రశ్న! ఎపిడ్యూరల్ నడుస్తుండగా ఒక్కసారిగా లేస్తే గుండె వెంటనే అందుకోలేదు, కళ్లు తిరగొచ్చు. అందుకే నర్సమ్మ ముందు మంచం అంచున కూర్చోబెట్టి, బీపీ చూసి, తర్వాతే నిలబెడుతుంది.